మారెన్న వేసిన కొసరు

బనగానపల్లె నుంచి బేతంచెర్లకు పోయే దారిలో ఏ పాలిష్ ఫ్యాక్టరీలోనైనా మారెన్న పేరు చెప్పి చూడండి. "ఏ మారెన్న? కర్ర మారెన్ననా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఆ కర్ర ఆయన తండ్రిది. చండ్ర చేవతో చేసింది, అరిగి నున్నబడింది. పొడవు రెండడుగుల మీద ఒక వేలి మందం. నాపరాయిని ఆ కర్రతో కొలిచి కోస్తే, రెండడుగుల రాయికి డబ్బులిచ్చినవాడికి వేలి మందం రాయి ఊరికే దక్కుతుంది. దాన్ని కొసరు అంటారు. లారీలో అంచులు పెచ్చులూడినా, పరిచే మేస్త్రీ చేయి కాస్త తప్పినా, కొన్నవాడు నష్టపోకూడదని ఆ ఏర్పాటు.

"తక్కువిచ్చినోడు తల దించుకుంటాడు. ఎక్కువిచ్చినోనికి ఎవరంటే భయం?" అనేవాడు తండ్రి. పద్నాలుగేళ్ళ వయసులో గనిలో సమ్మెట పట్టిన రోజున ఆ మాట మారెన్న చెవిన పడింది. ఇప్పుడు ఆయనకు యాభై ఎనిమిది. గని వదిలి ఫ్యాక్టరీలో రంపం మిషను దగ్గరికి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో ఆయన కోసిన రాయి చిన్నదైందని ఒక్కడు కూడా వెనక్కి తెచ్చింది లేదు. అందుకని ఆయనకు కొంచెం గర్వం ఉండేది. కొంచెం ఏమిటి, బాగానే ఉండేది.

కానీ రాయి గర్వం రాయిది, కాలం సంగతి కాలానిది. ఒకప్పుడు ఆ దారి పొడుగునా అరవై ఫ్యాక్టరీలు తెల్లవార్లూ గుర్రుమనేవి. బళ్ళారి, హుబ్బళ్ళి లారీలు వరసకట్టి ఉండేవి. తర్వాత టైల్స్ వచ్చాయి. అద్దంలా మెరిసే బిళ్ళలు, అట్టపెట్టెల్లో, అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే కొలత. చూస్తుండగానే అరవై కాస్తా పదకొండయ్యాయి. ప్రభుత్వం పట్టించుకోలేదని అంటే కళ్ళు పోతాయి. పట్టించుకుంది, పాపం, మూడుసార్లు. ఒకసారి కరెంటు చార్జీలో రాయితీ ఇచ్చింది. ఒకసారి గని పన్ను తగ్గించింది. ఇంకోసారి కల్లూరులో కల్యాణమండపం అద్దెకు తీసుకుని, తలా ఒక పెన్నూ ప్యాడూ చేతికిచ్చి, రెండు రోజులు ఉపన్యాసాలు దంచింది. ప్రతిసారీ రాయి కాస్త చౌకైంది. అంతకన్నా చౌకైనది ఎక్కడో ఒకచోట తయారుగా ఉండేది.

మారెన్న కొడుకు భూపేష్ బెంగళూరు పోయాడు. అక్కడ అతను చేసే పని టైల్స్ పరచడం. తండ్రి రాయి కోస్తాడు, కొడుకు ఆ రాయిని మింగేసిన టైల్ పరుస్తాడు. ఈ సంగతి ఊళ్ళో ఎవరైనా ఎత్తితే మారెన్న కండువా దులుపుకుని లేచిపోయేవాడు. కొడుకు మాత్రం మొహం మీదే చెప్పాడు ఒకసారి. "నాయనా, టైల్స్ పెట్టె ఇప్పితే పరచుకుంటా పోవడమే. మీ రాయి అట్ల కాదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. సగం పొద్దు కోసుకునేదానికే పోతాది. ఏ మేస్త్రీ ఒప్పుకుంటాడు చెప్పు?" ఆ మాటకు మారెన్న రెండు నెలలు కొడుకుతో సరిగ్గా మాట్లాడలేదు.

ఫ్యాక్టరీ యజమాని శ్రీనివాసులు కూడా షెడ్డు అమ్మేద్దామనే అనుకున్నాడు. అడ్డుపడింది కూతురు సాహితి. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, ఇంజనీరింగ్ చదివి, చెన్నైలో ఎగుమతుల కంపెనీలో నాలుగేళ్ళు చేసి తిరిగొచ్చింది. పదకొండు ఫ్యాక్టరీల వాళ్ళనూ కూర్చోబెట్టి, కర్నూలు పోయి, పరిశ్రమల శాఖలో ఒక లేడీ ఆఫీసరును పట్టుకుంది. ఆ ఆఫీసరు ఈసారి పెన్నూ ప్యాడూ ఇవ్వలేదు. ఫ్యాక్టరీకొచ్చి, మిషన్ల మధ్య నిలబడి చెప్పింది.

"చౌకగా అమ్మి మీరు గెలవలేరు. మొదటి రాయీ లక్షో రాయీ ఒకేలా ఉంటేనే బయటి దేశం వాడు రెండోసారి పిలుస్తాడు. బెల్జియం వాళ్ళు ఒక కంటైనర్ అడుగుతున్నారు. అది తనిఖీలో నెగ్గితే మీ అందరికీ కలిపి కొత్త మిషన్ల షెడ్డు, రాయి పరీక్ష చేసే ల్యాబు, పగలంతా కోత లేని కరెంటు. నెగ్గకపోతే ఆ నిధి వేరే జిల్లాకు పోతుంది. నేను ఆపలేను."

షరతు ఒక్కటే. ప్రతి రాయీ అరవై సెంటీమీటర్ల పొడవు, ముప్పై వెడల్పు. రెండు మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకూడదు. అందుకోసం సాహితి మిషను మీద ఇనుప అడ్డం ఒకటి బిగించింది. రాయి జరిపితే పోయి అడ్డానికి తగులుతుంది, రంపం దిగుతుంది, అంతే. మనిషి కొలవాల్సిన పని లేదు. మారెన్న కర్ర గోడకు చేరింది. ఆయన పైకి ఏమీ అనలేదు గానీ లోపల ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది.

సోమవారం ఆ అడ్డం బోల్టు విరిగింది. సాహితి కాగితాల పని మీద నంద్యాలలో ఉంది. ఫిట్టర్ రేపు పొద్దున గానీ రానన్నాడు. కరెంటు ఉంది, మిషను ఖాళీగా ఉంది, గోడకు కర్ర ఉంది. మారెన్న కర్ర అందుకున్నాడు. దాని మీద అరవై దగ్గర గీత పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక ఆయనకు మనసొప్పలేదు. సముద్రాలు దాటిపోయే రాయి. దారిలో ఎన్ని కుదుపులో, ఎన్ని మూలలు పోతాయో. అంత దూరం వాడు మన రాయి కోరి అడిగితే, గీసి గీసి అరవై అంటే అరవై ఇస్తామా? మన పరువేం కాను? వేలు కాకపోయినా అర్ధ వేలన్నా వెయ్యాలని గీతకు అవతల కోశాడు. ఆ రోజంతా హుషారుగా పని చేశాడు. మరునాడు అడ్డం బాగైంది. ఆయన ఎవరికీ చెప్పలేదు. తప్పు చేశానని దాచిందేమీ కాదు, అసలు అది చెప్పాల్సినంత సంగతని తోచలేదు.

శుక్రవారం తనిఖీ. ఆ పొద్దున ఏడింటికి భూపేష్ ఫోన్ చేశాడు. "ఈ పొద్దేనంట గదా నాయనా? అంతా సరిగ్గా ఉండాదా?"

"శానా బాగుండాది. ఇరవై పెట్టెలు, పెట్టెకు ఎనభై రాళ్ళు. నేను కర్రతో కోసినవాటికి అర్ధ వేలు కొసరు గూడా ఏసినా. ఆ దొరలు జన్మలో మర్చిపోరు."

"నాయనా, ఏమన్నావు? కొసరేసినావా?"

"ఏసినా. ఎక్కువిస్తే తప్పేముండాది?"

"తక్కువైనా ఎక్కువైనా ఒకటే నాయనా! వరసలో ఒక్క బిళ్ళ రెండు నూలుపోగులంత పెద్దదైతే గీతంతా వంకర పోతాది. ఆడ పరిచే మేస్త్రీ ఆ పెట్టె ఎత్తి బయట పారేస్తాడు. నేనైనా అదే చేస్తా. ఆ సాహితి పాపకు చెప్పు. ఇప్పుడే పోయి చెప్పు!"

మారెన్న ఫోన్ పక్కన పడేశాడు. భార్య తిరుపతమ్మ పెట్టిన సంగటి అలాగే వదిలేసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఫ్యాక్టరీకి పరుగెత్తాడు. నలభై నాలుగేళ్ళ పనిలో, ఎక్కువ ఇచ్చినందుకు భయపడటం ఆయనకు అదే మొదలు.

షెడ్డు ముందు ఇరవై చెక్కపెట్టెలు రెండు వరసల్లో నిలబడి ఉన్నాయి. సాహితి కాగితాలు సర్దుకుంటోంది. తనిఖీ చేసేది చెన్నై ఆయన, కొనేవాళ్ళు నియమించుకున్న మనిషి. రాత్రి నంద్యాలలో దిగాడు, పదింటికి వస్తానన్నాడు. మారెన్న ఆమె ముందు నిలబడ్డాడు. కండువా మెలేస్తూ మొత్తం చెప్పేశాడు.

సాహితి అరవలేదు. అరిచినా బాగుండేది. మొహంలో రక్తం లేకుండా పెట్టె మీద కూలబడింది.

"ఎన్ని పెట్టెలు?"

"రెండు పాపా."

"ఏవి?"

"గుర్తు పెట్టల్య."

"మారెన్నా, ఇంటికాడ మా నాయన మూడు రాత్రుల నుంచి నిద్రపోల్య. పదకొండు ఇండ్లల్లో దీని మీదే ఆశ పెట్టుకున్యారు. నన్నొక్క మాట అడిగుంటే ఏం పోయె?" ఆ మాటలో కోపం కంటే ఏడుపే ఎక్కువుంది. మారెన్నకు భూమిలోకి పోవాలనిపించింది. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభమేముంది?

మళ్ళీ కోద్దామంటే టైము లేదు. తొమ్మిదింటికి కరెంటు పోతుంది. ఇరవై పెట్టెల మేకులు పీకి చూసి మళ్ళీ కొట్టడం అయ్యే పని కాదు. అప్పుడు మారెన్నకు ఒకటి తట్టింది. పెట్టెలన్నీ ఒకే కొలత. మూలల్లో థర్మాకోల్ పెట్టినా, నడిమధ్యన రాయికీ చెక్కకూ నడుమ సందు ఉంటుంది. సరైన రాయైతే ఆ సందులో వేలు దూరాలి. కొసరు రాయైతే దూరదు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని మొదటి పెట్టె పలకల మధ్య వేలు పెట్టాడు. దూరింది. రెండోది దూరింది. ఆరో పెట్టె దగ్గర వేలు చెక్కకూ రాయికీ నడుమ ఇరుక్కుంది. పదకొండో పెట్టె దగ్గర మళ్ళీ ఇరుక్కుంది.

"దొరికినాయి పాపా. ఇవి రెండే."

చిన్న క్రేను తెప్పించి ఆ రెండింటినీ షెడ్డు వెనక్కి జరిపించేసరికి తొమ్మిదిన్నరైంది, కారు హారన్ వినిపించింది. చెన్నై ఆయన అరగంట ముందే దిగాడు. సన్నటి మనిషి, నవ్వు లేని మొహం, చేతిలో నల్ల పెట్టె, అందులో కొలత పరికరాలు. పెట్టెలు లెక్కపెట్టాడు. "ఇరవై రాశారు. పద్దెనిమిదే ఉన్నాయి."

సాహితి ఆయన కళ్ళలోకి చూసి చెప్పింది. "రెండిట్లో కొలత తప్పింది సార్. మేమే పట్టుకుని పక్కన పెట్టినాం."

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. సుద్దముక్క తీసుకుని తనకు తోచిన ఐదు పెట్టెల మీద గుర్తు వేశాడు. పనివాళ్ళు మేకులు పీకారు. ఒక్కొక్క రాయీ బల్ల మీదికి వస్తోంది, ఆయన పొడవు, వెడల్పు, మందం కొలుస్తున్నాడు, రాస్తున్నాడు. మిషన్లు ఆగిపోయి షెడ్డంతా నిశ్శబ్దంగా ఉంది. పదకొండు ఫ్యాక్టరీల యజమానులూ గోడవారన నిలబడ్డారు. ఎవరూ బీడీ కూడా వెలిగించలేదు.

మారెన్నకు మాత్రం ఒక పురుగు తొలుస్తోంది. రెండు దొరకగానే వెతకడం ఆపేశాడు. పదకొండు తర్వాత పెట్టెలు ముట్టుకోనేలేదు. రెండేనని తను అనుకోవడమే గానీ ఆ రోజు లెక్కపెట్టుకున్నాడా? ఆయన మెల్లగా వెనక వరసకు జరిగాడు. పన్నెండు, దూరింది. పదమూడు, దూరింది. పదిహేడో పెట్టెకు వచ్చేసరికి వేలు దూరలేదు. ఇంకో పక్కన పెట్టి చూశాడు. అక్కడా దూరలేదు.

దాని మీద సుద్ద గుర్తు లేదు.

ముందు వరసలో చెన్నై ఆయన ఐదో పెట్టె చివరి రాయి కొలిచి, పరికరం మూసేశాడు. "బాగున్నాయి" అన్నాడు. పొద్దుటి నుంచి ఆయన నోటి నుంచి రాలిన మొదటి మంచి మాట అది. గోడవారన ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. సాహితి కళ్ళు తుడుచుకుంది. ఆయన సంతకం చేయడానికి పెన్ను తీశాడు.

మారెన్న పదిహేడో పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నోరు మూసుకుంటే అయిపోతుంది. ఎవరికీ తెలియదు. సంతకం పడుతుంది, షెడ్డు వస్తుంది, కరెంటు వస్తుంది, భూపేష్ తిరిగొస్తాడు. ఒక్క పెట్టె, ఎనభై రాళ్ళు. సముద్రంలో కాకి రెట్ట. తర్వాత ఆయనకు ఎక్కడో పేరు తెలియని ఊళ్ళో ఒక మేస్త్రీ కనిపించాడు. అచ్చం భూపేష్ లాగే, మోకాళ్ళకు గుడ్డ కట్టుకుని, ఈ పెట్టె విప్పి, నాలుగు రాళ్ళు పరిచి, వరస వంకర పోతుంటే తిట్టుకుంటూ లేస్తున్నాడు. ఆ మేస్త్రీ తన సేటుతో ఏమంటాడు? ఆ ఊరి రాయి ఇంకెప్పుడూ తేవద్దంటాడు. బెంగళూరులో కొడుకు అన్నది అదే కదా.

"అయ్యా, సంతకం పెట్టొద్దు," అన్నాడు మారెన్న. "ఈ పెట్టె గూడా తప్పే. నేను కోసిందే ఇది."

సాహితి చూపు మారెన్న ఎప్పటికీ మర్చిపోలేదు. యజమానుల్లో ఒకాయన "ఈ ముసలోనికి మతి పోయిందా యేంది!" అని పళ్ళు నూరాడు.

చెన్నై ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "తెరవండి."

మొదటి రాయి అరవై మీద ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ. రెండోదీ ఎనిమిదే. మూడోదీ ఎనిమిదే. ఆయన పదోది కొలిచాడు, ఇరవయ్యోది కొలిచాడు. నలభయ్యో రాయి దగ్గర ఆగి తల ఎత్తాడు.

"దేనితో కోశావు ఇది?"

మారెన్న గోడ దగ్గరికి పోయి కర్ర తెచ్చి చూపించాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నలభై రాళ్ళు. అన్నిట్లో ఒకే తప్పు," అన్నాడు. అది మెచ్చుకోలో తిట్టో ఎవరికీ అంతుబట్టలేదు. తర్వాత మామూలు గొంతుతో చెప్పాడు. "ఒకటి తప్పు వస్తే అన్నీ చూడాలి. అది రూలు. మిగిలిన పెట్టెలన్నీ తెరవండి."

పెట్టెకు పది రాళ్ళ చొప్పున సాయంత్రం దాకా కొలిచారు. ఎవరూ భోజనానికి పోలేదు. ప్రతి రాయినీ మారెన్నే బల్ల మీద పెట్టాడు, ప్రతిసారీ పరికరం వైపు చూడలేక మొహం తిప్పుకున్నాడు. పొద్దు గూకే వేళకు చివరి రాయి అయింది. అడ్డానికి తగిలించి కోసిన రాళ్ళలో ఒక్కటీ తప్పలేదు. చెన్నై ఆయన రిపోర్టు రాసి సంతకం పెట్టి సాహితి చేతికిచ్చాడు. పదిహేడు సరి, మూడు తప్పు, తప్పును కోసిన మనిషే చూపించాడు. అంతే రాశాడు. నెగ్గినట్టా ఓడినట్టా అని అడిగితే, అది కొనేవాళ్ళు చెబుతారన్నాడు.

ఆ తర్వాత పన్నెండు రోజులు మారెన్న ఎవరి కళ్ళలోకీ చూడలేదు. టీ కొట్టు దగ్గర మాటలు వినీ విననట్టు వెళ్ళిపోయేవాడు. తిరుపతమ్మ ఒక్కతే, "చెప్పి మంచిపనే చేసినావులే, తిను," అనేది. పదమూడో రోజున సాహితి ఇంటికే వచ్చింది. ఫోన్ తెరిచి బెల్జియం వాళ్ళ ఉత్తరం చదివి, తెలుగులో చెప్పింది. పదిహేడు పెట్టెలు తీసుకుంటున్నారు. తప్పినవాటికి బదులు మూడు పెట్టెలు రెండో కంటైనర్‌లో పంపమన్నారు.

"రెండో కంటైనరా?" అన్నాడు మారెన్న.

"అవును మారెన్నా. రెండోది."

ఆయన గుమ్మం పట్టుకుని ఏడ్చాడు. సాహితి కూడా ఆ పూట ఆపుకోలేదు. కర్నూలులో షెడ్డు ఫైలు కదిలింది. ప్రభుత్వంలో ఫైలు కదలడమంటే నడవడమని కాదు, ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి పాకడం. అయినా వేరే జిల్లాకు పోలేదు. పగటి కరెంటు మాత్రం నెలలోపే వచ్చింది.

మిగిలిపోయిన మూడు పెట్టెలనూ సాహితి మారెన్న ఇంటికే తోలించింది. రాయి కోసే మనిషి ఇంట్లో వసారా ఇన్నాళ్ళూ పేడతో అలికిందే. భూపేష్ నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. దారం కట్టి, సిమెంటు కలిపి, వసారా నుంచి మొదలుపెట్టి వాకిలి దాకా పరుచుకుంటూ పోయాడు. మారెన్న తలుపు దగ్గర కూర్చుని చూశాడు. అడ్డు చెప్పలేదు, సలహా ఇవ్వలేదు. ఎప్పుడు కోత మిషను చేతికి తీసుకుంటాడా, ఎప్పుడు తిడతాడా అని ఎదురుచూశాడు.

నాలుగో రోజు సాయంత్రం భూపేష్ చివరి రాయి దించి, సుత్తి పిడితో తట్టి, వెనక్కి వాలి కూర్చున్నాడు. వాకిట్లో గీతలు దారం లాగినట్టు ఉన్నాయి.

"నాయనా," అన్నాడు, "గోడ వారన తప్ప నడాన ఒక్క రాయి గూడా కోయల్య. రెండు నూర్ల నలభై రాళ్ళు. టైల్స్ గూడా ఇట్ల పడవు."

మారెన్న రాయి మీద అరచేయి ఆనించి అలాగే ఉండిపోయాడు. భూపేష్ చేతులు కడుక్కుని వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు.

"ఆ ఇనుప అడ్డం ఎట్ల బిగిస్తారు? నాకు నేర్పిస్తావా?"

"మల్ల బెంగళూరు?"

"ఫోన్ చేసి చెప్తా."

మారెన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. లోపలికి చూసి, ఇంకో ముద్ద ఎక్కువ వండమని తిరుపతమ్మకు కేకేశాడు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "ఎనిమిదికి మిషను పెడతాం. ఏడున్నరకంతా ఆడుండల్ల," అన్నాడు.